ఒక్క హారన్ బాకీ

ఒక బండి చెడిపోవాలని దేవుడికి దండం పెట్టుకోవచ్చా, పెట్టుకోకూడదా?

ఈ సందేహం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. బాగుపడాలని మొక్కుకునేవాళ్ళను చాలామందిని చూశాను. చెడిపోవాలని మొక్కుకున్నవాణ్ణి ఒక్కణ్ణే చూశాను, అదీ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో. పెద్దవాళ్ళను అడిగితే నవ్వి ఊరుకున్నారు. ఇంట్లో అడిగితే, "ముందు గ్యాస్ బండ మార్చండి, సందేహాలు తర్వాత" అన్నారు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. మీరే తేల్చండి.

ఆ రోజుల్లో నేను ఒక పెద్ద గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాణ్ణి. ముందుకు రెండు ఇనుప ఫోర్కులు చాపి, పెట్టెల కింద దూర్చి, పైకెత్తి అరల్లో పెట్టే బండి అది. మాది బ్యాటరీ బండి, చప్పుడు చేయదు. పాలగిన్నె దగ్గరికి పిల్లి వచ్చినట్టు వస్తుంది. అందుకే ప్రతి మలుపులో హారన్ కొట్టాలని రూలు.

మా హారన్‌కు ఒక గుణం ఉండేది. పొద్దున కొడితే మోగేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కొడితే మోగేది కాదు. సాయంత్రం టీ తాగి వచ్చి కొడితే మళ్ళీ మోగేది. తిన్నాక దానికీ బద్ధకం కాబోలు అనుకుని, ఆ పూటంతా నేనే నోటితో "పీం పీం" అంటూ మలుపులు తిరిగేవాణ్ణి. దాంతో నా అసలు పేరు జీతం కాగితానికే పరిమితమై, గోదామంతా నన్ను పీంపీం అనేవారు.

అక్కడ స్టోర్ కీపర్ మా మేనమామ. నాకు ఆ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఆ సంగతి నేను మరిచిపోకుండా చూసుకునే బాధ్యత కూడా ఆయనే తీసుకున్నాడు.

ఒకనాటి మధ్యాహ్నం బండ్ల భద్రత తనిఖీకి ఒక అమ్మాయి వచ్చింది. తలకు పసుపు హెల్మెట్, కాళ్ళకు బరువైన బూట్లు, చేతిలో టార్చి, చెవి మీద సుద్దముక్క. వస్తూనే మోకాళ్ళ మీద కూర్చుని, మా బండి పొట్ట కిందికి టార్చి వేసి చూడటం మొదలుపెట్టింది.

నేను పక్కనే నిలబడ్డాను. నా వైపు చూడలేదు. ఆ బండిని అంత శ్రద్ధగా చూసినవాళ్ళు అంతవరకు ఎవరూ లేరు. నాకు బండి మీద కొంచెం అసూయ కలిగింది.

"ఈ నూనె చుక్క పాతదా, కొత్తదా?"

"పాతదేనండి. నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉంది."

నేల మీద ఆ చుక్క చుట్టూ సుద్దతో గీత గీసింది. "గీత దాటితే కొత్తదన్నమాట."

తర్వాత ఫోర్కుల వంపులో పగుళ్ళు ఉన్నాయేమో వేళ్ళతో తడిమింది. గొలుసు లాగి చూసింది. టైర్లు చూసింది. నన్ను ఎక్కించి బ్రేకు తొక్కించింది. తర్వాత ఆమె సీటు ఎదుటికి వచ్చి ఆగిపోయింది.

"ఈ దేవుడి పటం ఎవరు అంటించారు?"

"నేనేనండి."

"దీని కింద ఒక రేకు ఉండాలి. బండి ఎంత బరువు ఎత్తగలదో దాని మీద ఉంటుంది. అది కనిపించాలి కదా."

"బరువంతా ఆయనే మోస్తాడని పెట్టానండి."

"ఆయన మోస్తాడు. బండి మోయదు. పక్కకి మార్చండి." నేను గోరుతో పటం మూల పట్టుకోగానే, "చింపకండి, మెల్లగా. ఉండండి, తడిగుడ్డ ఇస్తాను" అంది.

నేను పడిపోయింది ఆ 'చింపకండి' దగ్గర. హెల్మెట్ పెట్టుకున్నా లాభం లేకపోయింది.

"ఇప్పుడు హారన్ కొట్టండి."

నొక్కాను. ఏమీ లేదు. భోజనాలైపోయాయి కదా.

"మళ్ళీ కొట్టండి."

అలవాటు కొద్దీ, "పీం పీం" అన్నాను.

ఆమె మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "ఏంటది?"

"హారనండి."

"బండిది కొట్టమన్నాను."

"మధ్యాహ్నం పూట మా బండిది ఇదేనండి."

"మీకు జలుబు చేస్తే?"

"అప్పుడు కొంచెం ముక్కుతో వస్తుందండి. ఇక్కడివాళ్ళంతా గుర్తుపడతారు."

ఆమె పెదవి చివర ఏదో కదిలింది. వెంటనే దాన్ని అదుపులో పెట్టుకుని, సంచిలోంచి ఒక ఎర్రటి ట్యాగ్ తీసి స్టీరింగుకు కట్టింది. దాని మీద 'వాడరాదు' అని ఉంది.

"దీన్ని మీరు విప్పకూడదు. మీ స్టోర్ కీపర్ విప్పకూడదు. మేనేజర్ వచ్చినా విప్పకూడదు. ఎవరు కట్టారో వాళ్ళే వచ్చి, చూసి, విప్పాలి. రూలు."

"అంటే మీరు మళ్ళీ రావాలన్నమాట."

"హారన్ బాగుచేయించి ఫోన్ చేయండి. వస్తాను."

రూల్స్ అనేవి మనుషుల్ని సతాయించడానికి రాసినవని నేను అంతవరకు అనుకునేవాణ్ణి. వాటిలో ఇంత అందమైనది ఒకటుందని నాకెవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దునే ఎలక్ట్రీషియన్ వచ్చి హారన్ నొక్కాడు. గోదాము అదిరిపోయింది. "దీనికేం రోగం? నన్నెందుకు పిలిచారు?" అని విసుక్కుని వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే, మరుసటి రోజు పొద్దున వస్తానని ఆమె చెప్పింది.

నాకు దిగులు పట్టుకుంది. హారన్ మోగితే ఆమె ట్యాగ్ విప్పుకుని వెళ్ళిపోతుంది. మళ్ళీ ఏడాది తనిఖీ వరకు రాదు. వచ్చినా నన్ను చూడదు, బండి పొట్టను చూస్తుంది.

ఆమె వస్తానన్న రోజు ఉదయం స్నానం చేసి దేవుడి ముందు నిలబడ్డాను. "స్వామీ, పెద్ద జబ్బు వద్దు. బ్రేకుల జోలికి వెళ్ళకు, ఎవరికైనా దెబ్బ తగులుతుంది. మా కంపెనీకి ఖర్చు కూడా కాకూడదు. చిన్నది, ఏదో ఒకటి, నీ ఇష్టం. బండి పాడుచెయ్యి." ఇలా కొలత చెప్పి మరీ అడిగాను. బట్టలు కుట్టించుకునేటప్పుడు కూడా నేను అంత వివరంగా చెప్పను.

గోదాముకు రాగానే హారన్ నొక్కాను. మోగింది. కాసేపాగి నొక్కాను. మోగింది. పది అడుగులు నడిచి వెనక్కి వచ్చి నొక్కాను. మోగుతూనే ఉంది. భోజనాల వేళ దాకా అలా నొక్కుతూనే ఉన్నాను.

పొద్దున రావలసిన ఆమె రాలేదు. వాన పట్టుకుంది. రోడ్లన్నీ నీళ్ళై, బస్సు ఎక్కడో ఆగిపోయిందట. భోజనాలయ్యాక, బూట్లలో నీళ్ళు చప్పుడు చేస్తుండగా వచ్చింది. నా తువ్వాలు ఇచ్చాను.

"ఇది బండి తుడిచే గుడ్డ కాదు కదా?"

"కాదండి. నాదే. ఉతికింది."

"మీరు బండిని కూడా బాగానే తుడుస్తారు. ఏ గుడ్డో చెప్పడం కష్టం." ముఖం తుడుచుకుని, "ఊఁ, కొట్టండి హారన్" అంది.

నొక్కాను. ఏమీ లేదు.

దేవుడి పటం వైపు చూశాను. అడిగిన పూటే ఇచ్చాడు. నా జీవితంలో ఏ ఆఫీసులోనూ పని అంత తొందరగా కాలేదు.

"వాన తగ్గాక విప్పి చూద్దాం" అని ఆమె ఒక పెట్టె మీద కూర్చుంది. టీ తెచ్చి ఇచ్చాను. మాలాంటి డ్రైవర్లందరం హారన్ మాటెత్తితే నవ్వేస్తుంటే ఈమెకెందుకు అంత పట్టుదల అనిపించి, అడిగాను.

"మా నాన్న పెట్టెల ఫ్యాక్టరీలో చేసేవారు. మలుపులో ఇలాంటి బ్యాటరీ బండే వచ్చింది. డ్రైవర్ హారన్ కొట్టలేదు. చక్రం పాదం మీద ఎక్కింది. అప్పటి నుంచి కర్ర పట్టుకుని నడుస్తారు." టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. "ఆ డ్రైవర్ ఆసుపత్రికి పళ్ళు తెచ్చి ఏడ్చాడు. నాన్న ఏమన్నారో తెలుసా? పళ్ళు నాకెందుకురా, ఒక్క హారన్ కొట్టి ఉంటే సరిపోయేది, అది నాకు బాకీ ఉన్నావు అన్నారు. ఇప్పటికీ అదే అంటారు."

ఇంతలో వాన రెట్టింపైంది. రేకుల కప్పు మీద ఎవరో కంకర లారీ ఒంపుతున్నట్టు మోత. మాట వినపడటం లేదు. ఆమె తువ్వాలుతో జుట్టు చివరలు ఒత్తుకుంటోంది. అంత మోతలో నాకు ధైర్యం వచ్చింది.

"మిమ్మల్ని మళ్ళీ చూడాలని," అని అరిచాను.

"ఏంటి?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"మిమ్మల్ని చూడాలని. అందుకని..."

కుళాయి కట్టేసినట్టు వాన ఆగిపోయింది. నా గొంతు మాత్రం ఆగలేదు.

"...ఈ బండి పాడైపోవాలని దేవుడికి దండం పెట్టాను."

గోదామంతా విన్నది. లోడింగువాళ్ళు పెట్టె ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే నిలబడిపోయారు. మొదటి సగం వాన మింగేసింది, రెండో సగం నాకు మిగిల్చింది.

ఆమె గ్లాసు కింద పెట్టింది. స్టీరింగు కింది మూత విప్పి టార్చి వేసింది. చాలాసేపు చూసింది.

"ఈ తీగ ఊడలేదు. ఎవరో చేత్తో పీకారు. చివర చెక్కుచెదరలేదు. అలవాటైన చెయ్యి."

"నేను దండమే పెట్టానండి. చెయ్యి పెట్టలేదు."

"దండాలకు తీగలు ఊడవు."

"ఊడవా అండీ?" అన్నాను. నిజంగా తెలియకే అడిగాను. ఆమెకు అది వెక్కిరింపులా వినపడింది.

"మా నాన్నని గుద్దినవాడు కూడా మంచివాడేనట. అందరూ అదే చెప్పారు. హారన్‌తో ఆటలాడే మంచివాళ్ళు నాకొద్దు." తువ్వాలు మడతపెట్టి సీటు మీద పెట్టింది. "ట్యాగ్ ఉండనివ్వండి. నేను మాత్రం రాను."

రెండు రోజులు నేను చేతి ట్రాలీ తోశాను. మలుపుల్లో పీంపీం అనడానికి కూడా గొంతు రాలేదు. ఫోన్ చేస్తే ఆమె తీయలేదు.

మూడో రోజు భోజనాలయ్యాక, బండి చాటున నేల మీద కూర్చుని, "స్వామీ, చిన్న జబ్బు అన్నాను కదా" అని దేవుడితో గొడవపడుతున్నాను. అవతలివైపు నుంచి ఒక చెయ్యి మెల్లగా స్టీరింగు కిందికి దూరింది. తెలిసిన ఇంట్లో స్విచ్చి వెతుక్కున్నంత సులువుగా తీగ కోసం తడుముతోంది. గభాలున పట్టుకున్నాను.

"వదలరా. మేనమామ చెయ్యి అది. కాస్త గౌరవంగా పట్టుకో."

"మామయ్యా, నువ్వా?"

మామయ్య అటూ ఇటూ చూశాడు. మలుపు పక్కన టిష్యూ పేపరు అట్టపెట్టెల దొంతర ఉంది. దాని వెనకకు నన్ను లాక్కుపోయాడు. అక్కడ అట్టలు పరిచి, ఒక దిండు కూడా పెట్టుకున్నాడు.

"తిన్నాక ఒక్క కునుకు తీస్తానురా. సరిగ్గా కన్ను అంటుకునే వేళకి నువ్వు మలుపులో పాం అని హారన్ కొట్టేవాడివి. నా గుండె జారి పొట్టలోకి వచ్చేది. అందుకని ఆ పూటకు తీగ పీకేవాణ్ణి. టీ టైముకి మళ్ళీ పెట్టేసేవాణ్ణి కదా, నాకు మాత్రం బాధ్యత లేదా?"

"మరి నేను నోటితో అరిచేవాణ్ణి కదా."

"నీది మెత్తగా ఉంటుందిరా, జోలపాటలాగా. మొన్నయితే పొద్దుటి నుంచీ కొట్టి కొట్టి చంపావు. బండి నడవకపోయినా సరే, ముందుజాగ్రత్తగా పీకేశాను. ఇవాళ అలవాటు చొప్పున వచ్చాను."

నేను ఆమె తండ్రి పాదం సంగతి చెప్పాను. మామయ్య దిండును కాలితో పక్కకు తోశాడు.

"పెట్టెల ఫ్యాక్టరీ, కర్ర... ఆయన నాకు తెలుసురా. గడియారాల షాపు మేడ మీద ఉంటారు. పద. నేను చేసింది నేనే చెబుతాను."

సాయంత్రం ఇద్దరం ఇస్త్రీ చొక్కాలు వేసుకుని బయల్దేరాం. ఉత్త చేతులతో ఎలా వెళ్తామని మామయ్య దారిలో పళ్ళు కొన్నాడు. వద్దని ఎంత చెప్పినా వినలేదు.

ఆమె తల్లి తలుపు తీసింది. ఇస్త్రీ చొక్కాలు చూసింది, పళ్ళు చూసింది, నన్ను పైనుంచి కింది దాకా చూసింది. ముఖం వెలిగిపోయింది. "రండి బాబూ, కూర్చోండి" అని ఫ్యాన్ వేసింది. కర్రను ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్న పెద్దాయన మాత్రం, "మళ్ళీ పళ్ళేనా" అన్నాడు.

"అబ్బాయి ఏం చేస్తుంటాడన్నయ్యగారూ?" అని తల్లి మామయ్యను అడిగింది.

"ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడమ్మా. ఇప్పుడు ట్రాలీ తోస్తున్నాడు. అదే చెబుదామని..."

"చెడు అలవాట్లేమైనా?"

"వాడికేం లేవమ్మా. అవన్నీ నావే."

"మీవా?"

"రోజూ మధ్యాహ్నం పీకేవాణ్ణమ్మా. మీకు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు."

ఆవిడ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. ఆ మాటలకు లోపలి గదిలోంచి ఆమె వచ్చింది. హెల్మెట్ లేకుండా ఆమెను సరిగ్గా చూడటం అదే మొదటిసారి. రక్షణ లేనిది ఆమె తలకు కాదు, నాకే అనిపించింది.

మామయ్య లేచి నిలబడి దిండుతో సహా అంతా చెప్పాడు. "మావాడికి పాపం ఏమీ తెలియదమ్మా. హారన్‌కే బద్ధకమనుకున్నాడు" అని ముగించాడు.

ఆమె నా వైపు తిరిగింది. "మరి ఆ దండాలు?"

"అవి నావేనండి. అవి మాత్రం నావే."

"బండి పాడవ్వాలనా?"

"మీరు మళ్ళీ రావాలనండి. ఆ ముక్క వానలో పోయింది. చిన్న జబ్బే అడిగాను. బ్రేకులు వద్దన్నాను."

ఆమె పెదవి చివర మళ్ళీ అదే కదిలింది. ఈసారి అదుపులో పెట్టుకోలేదు. "ఫోన్ చేసి, ఒకసారి టీకి రండి అంటే సరిపోయేది కదా."

"ఆ రూలు నాకు తెలియదండి."

పెద్దాయన కర్ర నేలకు తాటించి నవ్వాడు. నవ్వు ఆగాక, "నీ పేరేంటి బాబూ?" అన్నాడు.

"పీంపీం" అన్నాడు మామయ్య తడుముకోకుండా.

"అమ్మాయికి ఇష్టమైతే నాకు అభ్యంతరం లేదు. కానీ మీ డ్రైవర్ల నుంచి నాకు రావలసింది ఒకటుంది. ఆ రోజు కొట్టాల్సినవాడు కొట్టలేదు. ఒక్క హారన్. అది ముట్టాక మాట్లాడుకుందాం."

"దానికేం భాగ్యం? అనరా, పీంపీం" అన్నాడు మామయ్య.

"నోటితో వద్దు. బండిదే కావాలి. మలుపులోనే. నేను నడిచి వస్తుండగా."

"ఇంతకీ వీళ్ళు సంబంధానికి వచ్చినట్టా, కానట్టా?" అని తల్లి ఎవరిని అడగాలో తెలియక పళ్ళను అడిగింది.

ఆ శనివారం భోజనాలయ్యాక తండ్రీకూతుళ్ళు గోదాముకు వచ్చారు. నాకోసం కదా అని తనిఖీలో ఏమైనా సడలిస్తుందేమో అనుకున్నాను. రెట్టింపు చూసింది. నూనె చుక్క సుద్ద గీత దాటలేదు. గొలుసు, ఫోర్కులు, టైర్లు, బ్రేకులు చూసింది. బరువు రేకు తుడిచి చదివింది, పక్కనే ఉన్న దేవుడి పటం మూల లేచి ఉంటే వేలితో నొక్కి అంటించింది. తీగ బిగించి మూత వేసింది. అప్పుడు ట్యాగ్ విప్పింది.

విప్పినదాన్ని సంచిలో పెట్టుకోలేదు. అట్టపెట్టెల వెనక్కి వెళ్ళి, మామయ్య దిండుకు కట్టి వచ్చింది.

"అమ్మా, ఇదన్యాయం" అన్నాడు మామయ్య.

"ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలి, మామయ్యగారూ."

ఆమె ఆయన్ను అలా పిలవడం విని నేను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను.

పెద్దాయన మలుపుకు అవతలి చివరి నుంచి నడవడం మొదలుపెట్టాడు. ఇటువైపు నేను మెల్లగా వస్తున్నాను. మలుపుకు ముందు నేల మీదున్న పసుపు గీత దగ్గర ఆగి, హారన్ కొట్టి, ఆయన దాటాకే కదలాలని ఆమె నాకు ముందే నేర్పింది. ఆయన కనిపించడం లేదు. కర్ర చప్పుడు మాత్రం దగ్గరవుతోంది. ఆ కాస్త సేపట్లో నా సందేహం మళ్ళీ వచ్చింది. తీగ మామయ్య కునుకు వల్ల ఊడింది, నిజమే. కానీ ఆమె పొద్దున వచ్చి ఉంటే హారన్ మోగేది కదా. మరి ఆ వాన ఎవరు కురిపించారు? పటం వైపు చూశాను. ఆయన ఎప్పటిలాగే ఏమీ చెప్పలేదు.

గీత దగ్గర బండి ఆపాను. బొటనవేలు ఆనించి నొక్కాను.

భోజనాలైన తర్వాత మా గోదాములో అది మోగడం అదే మొదటిసారి. రేకుల కప్పు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. లోడింగువాళ్ళు పని ఆపారు.

కర్ర చప్పుడు ఆగింది. ఆమె మలుపు మధ్యలో నిలబడి అటు తండ్రిని, ఇటు నన్ను చూస్తోంది. పెద్దాయన ఎడమ పాదాన్ని కొంచెం వెనక్కి తీసుకుని, గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని ఆ మోత పూర్తిగా అణిగిపోయే దాకా విన్నాడు. తర్వాత తొందర లేకుండా మలుపు దాటి నా బండి ముందుకు వచ్చాడు. కర్ర చంకలో పెట్టుకుని నాకు చెయ్యి ఊపాడు.

"ముట్టింది" అన్నాడు.